టెక్సాస్‌లో కడుపుతో ఉన్నప్పుడు మధ్యలో ఏదైనా తేడా వస్తే డాక్టర్లు వెంటనే చూస్తారా?

ఫ్రిస్కో_శ్రావణి:
అందరికీ నమస్తే. మా చెల్లికి ఇప్పుడు పదకొండో వారం. వాళ్లు ఇర్వింగ్‌లో ఉంటారు, మరిది గారిది హెచ్‌1బీ, తనది హెచ్‌4. చాలా కాలం ట్రీట్‌మెంట్ తీసుకున్నాక నిలిచిన కడుపు, ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నాం, తీయించుకోవడం అనే ఆలోచనే ఎవరికీ లేదు. అయినా భయం ఎక్కడ మొదలైందంటే, వాళ్లకు తెలిసిన ఒకమ్మాయికి ఐదో నెలలో ఉమ్మనీరు పోతే హాస్పిటల్లో చూసి, బిడ్డ గుండె కొట్టుకుంటోంది కాబట్టి ఇప్పుడేమీ చేయలేం, జ్వరం వస్తే రండి అని ఇంటికి పంపేశారట. అప్పటినుంచి చెల్లికి నిద్ర లేదు. అమ్మ ఖమ్మం నుంచి రోజూ ఫోన్ చేసి ఇక్కడికి వచ్చేయమంటోంది. ఇదంతా నిజంగా ఇక్కడి అబార్షన్ నిషేధ చట్టం వల్లేనా, లేక ఆ హాస్పిటల్ నిర్లక్ష్యమా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

డా_లక్ష్మి_ఓబీ:
శ్రావణి గారూ, నేను కాకినాడలో చదివి ఇప్పుడు ఇల్లినాయిస్‌లో గైనకాలజిస్టుగా చేస్తున్నాను. ముందు ఒక మాట, మీ చెల్లికి అంతా సవ్యంగా జరిగే అవకాశమే చాలా ఎక్కువ. ఐదో నెలలో ఉమ్మనీరు పోవడం తక్కువమందికే జరుగుతుంది.

కానీ జరిగినప్పుడు పరిస్థితి ఇదీ. 22 వారాల లోపు ఉమ్మనీటి సంచి పగిలితే బిడ్డ బతకడం చాలా అరుదు. సంచి పగిలాక కింది నుంచి ఇన్ఫెక్షన్ లోపలికి ఎక్కడానికి దారి తెరిచినట్టే, గంటలు గడిచేకొద్దీ తల్లికి ప్రమాదం పెరుగుతుంది. అందుకే మేం చదువుకున్న పద్ధతి ఏంటంటే తల్లికి రెండు దారులూ చెప్పాలి, జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటూ ఆగడం ఒకటి, ఇన్ఫెక్షన్ రాకముందే గర్భాన్ని ఖాళీ చేయడం ఒకటి. ఏది కావాలో ఆమె చెబుతుంది. 2021 చట్టం తర్వాత టెక్సాస్‌లో ఈ రెండో దారి దాదాపు మూసుకుపోయింది.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. 2021 సెప్టెంబర్ 1న టెక్సాస్‌లో సుమారు ఆరు వారాలు దాటితే అబార్షన్ చేయకూడదనే చట్టం వచ్చాక, డాలస్‌లోనే రెండు పెద్ద ఆసుపత్రుల డాక్టర్లు ఇలాంటి 28 మంది తల్లుల కేసులు రాసి 2022లో ప్రచురించారు. ప్రాణాపాయం కనిపించేదాకా సగటున 9 రోజులు ఆగారు. ఆ 28 మందిలో 57 శాతం మందికి తీవ్రమైన అనారోగ్యం వచ్చింది. ఇలాంటి చట్టం లేని రాష్ట్రాల్లో, ఇదే పరిస్థితిలో వెంటనే ఖాళీ చేయించుకున్నవాళ్లలో అది 33 శాతం. మీరు ఉండే ఊరి లెక్కే ఇది. అందులో చాలామంది కావాలనుకుని మోసిన కడుపులే.

సుబ్బారావు_ప్లేనో:
డాక్టర్ గారి మీద గౌరవంతోనే రాస్తున్నాను. నేను 2006 నుంచి ఇక్కడ ఉంటున్నాను, గర్భంలో బిడ్డ కూడా ప్రాణమే అని నమ్మేవాణ్ణి, మన పెద్దలు భ్రూణహత్య మహాపాపం అన్నారు. టెక్సాస్ చట్టంలో తల్లి ప్రాణానికి ప్రమాదం ఉంటే చేయొచ్చని స్పష్టంగా మినహాయింపు ఉంది. మినహాయింపు ఉన్నా డాక్టర్లు చేయకపోతే తప్పు డాక్టర్లది, హాస్పిటల్ లాయర్లది, చట్టానిది ఎలా అవుతుంది? భయపెట్టే వార్తలు చదివి గర్భిణీలు టెన్షన్ పడటం కూడా ఆరోగ్యానికి మంచిది కాదు కదండీ.

రెసిడెంట్_ఎం:
సుబ్బారావు అంకుల్, నేను ఇలాంటి చట్టం ఉన్న రాష్ట్రంలోనే ఓబీ రెసిడెన్సీ, అంటే కాన్పుల విభాగంలో డాక్టర్ ట్రైనింగ్, చేస్తున్నాను, ఏ రాష్ట్రమో చెప్పను. మీరు అన్న మినహాయింపు మా వార్డులో ఎలా ఉంటుందో చెప్తాను.

టెక్సాస్ చట్టం ప్రకారం తప్పు అని తేలితే డాక్టర్‌కి ఐదేళ్ల నుంచి 99 ఏళ్లు లేదా జీవితఖైదు, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్స్ పోతుంది. ఆ పైన 2021 చట్టం కింద ఎవరైనా సరే, ఆ పేషెంట్‌తో ఏ సంబంధమూ లేనివాళ్లైనా సరే, సాయం చేసినవాళ్ల మీద కేసు వేసి పదివేల డాలర్లకి తక్కువ కాకుండా రాబట్టొచ్చు. ఇప్పుడు రాత్రి రెండు గంటలకు నా ముందు ఒకావిడ ఉంది. ఉమ్మనీరు పోయింది, జ్వరం లేదు, బీపీ బాగానే ఉంది, బిడ్డ గుండె కొట్టుకుంటోంది. ఆమె ప్రాణం ప్రమాదంలో ఉందా? వైద్యం చదివినవాడిగా నా జవాబు ఉంది అని, ఎందుకంటే సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీసి ప్రాణం మీదకి తెచ్చే స్థితి, మొదలయ్యాక అది గంటల్లో ముదురుతుంది. కానీ రేపు కోర్టులో ప్రాసిక్యూటర్ తెచ్చే ఇంకో డాక్టర్ "అప్పటికి జ్వరం కూడా లేదు" అంటాడు. అందుకని సీనియర్ ఇంకో సీనియర్‌ని అడుగుతాడు, ఆయన హాస్పిటల్ లీగల్ వాళ్లకి ఫోన్ చేస్తాడు, పొద్దున కమిటీ కూర్చుంటుంది. ఈలోపు ఆవిడకి వణుకు మొదలవుతుంది. అప్పుడు అందరూ ఒప్పుకుంటారు, ఇప్పుడు చేయొచ్చు అని.

అంటే ఆమె జబ్బుపడేదాకా ఆగి, జబ్బుపడ్డాక వైద్యం చేస్తున్నాం. మాలాంటి వీసా మీద ఉన్న డాక్టర్లకైతే లైసెన్స్ పోతే ఉద్యోగం, దాంతో పాటే దేశంలో ఉండే హక్కూ పోతాయి. డాక్టర్‌ది తప్పు అనడం సులువు అంకుల్, ఆ సంతకం పెట్టే చెయ్యి మీది అయితే ఏం చేస్తారో ఆలోచించండి.

సుబ్బారావు_ప్లేనో:
అలాంటప్పుడు కోర్టునే ముందుగా అడగొచ్చు కదా బాబూ.

రెసిడెంట్_ఎం:
అడిగారు అంకుల్. 2023 డిసెంబర్‌లో డాలస్ ప్రాంతానికి చెందిన కేట్ కాక్స్ అడిగారు, ఇద్దరు పిల్లల తల్లి. బిడ్డకు ట్రైసమీ 18 అనే తీవ్రమైన జన్యులోపం ఉందని తేలింది, కడుపు కొనసాగితే తనకు మళ్లీ పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినొచ్చని డాక్టర్లు చెప్పారు. కింది కోర్టు సరే అంది, అటార్నీ జనరల్ పై కోర్టుకి వెళ్లారు, టెక్సాస్ సుప్రీంకోర్టు కింది కోర్టు ఆర్డర్‌ని కొట్టేసింది. డాక్టర్ మనస్ఫూర్తిగా నమ్మితే చాలదు, అది సహేతుకమైన వైద్య నిర్ణయమని తేలాలి అన్నారు. తీర్పు రాకముందే ఆవిడ వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు. ఉమ్మనీరు పోయినవాళ్లు అలా కోర్టు వాయిదాల కోసం ఆగలేరు.

ఆమండా జురావ్‌స్కీ అనే ఆవిడది ఆస్టిన్. 18వ వారంలో ఉమ్మనీరు పోయింది, కావాలని ట్రీట్‌మెంట్ తీసుకుని తెచ్చుకున్న కడుపు, అచ్చం శ్రావణి గారి చెల్లిలాగే. సెప్సిస్ వచ్చేదాకా ఆపారు, ఐసీయూలో పడింది, ఇన్ఫెక్షన్ వల్ల అండం గర్భసంచికి చేరే ట్యూబుల్లో ఒకటి శాశ్వతంగా మూసుకుపోయింది. ఆవిడ, ఇంకొందరు కలిసి వేసిన కేసులో 2024 మే 31న టెక్సాస్ సుప్రీంకోర్టు వాళ్లకు వ్యతిరేకంగానే తీర్పు ఇచ్చింది.

గాల్వే_రవి:
ఐర్లాండ్‌లో ఉండే మన భారతీయులకి ఈ మాట కొత్త కాదు. 2012 అక్టోబర్‌లో సవిత హలప్పనవర్ గాల్వేలో చనిపోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. బెళగావి అమ్మాయి, దంత వైద్యురాలు, 31 ఏళ్లు, మొదటి కడుపు, 17 వారాలు. అక్టోబర్ 21న నడుం నొప్పితో ఆసుపత్రికి వెళ్లింది, ఆ రాత్రి దాటగానే ఉమ్మనీరు పోయింది. బిడ్డ దక్కదని డాక్టర్లే చెప్పారు. దక్కనప్పుడు తీసేయండని ఆవిడ, భర్త ఇద్దరూ అడిగారు. గుండె కొట్టుకుంటున్నంతసేపు చట్టం ఒప్పుకోదన్నారు. ఇది క్యాథలిక్ దేశం అని ఒక నర్సు అన్న మాట తర్వాత విచారణలో బయటికొచ్చింది. 24కి సెప్సిస్, 28న ప్రాణం పోయింది.

ఆ రోజుల్లో ఇక్కడి ఇండియన్ ఇళ్లలో కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఎంత హడలిపోయారో మాటల్లో చెప్పలేను. దీపావళి జరుపుకోవాలని కూడా ఎవరికీ అనిపించలేదు. కొవ్వొత్తులు పట్టుకుని రోడ్డు మీదకి వచ్చినవాళ్లలో ఐరిష్ ముసలమ్మలు కూడా ఉన్నారు, మా కాలంలో నోరెత్తలేకపోయాం అని ఏడ్చారు.

1983లో రాజ్యాంగంలో పెట్టిన ఎనిమిదో సవరణ తల్లి ప్రాణం, కడుపులో బిడ్డ ప్రాణం సమానం అంది. చదవడానికి అందంగా ఉంటుంది. 2018 మే 25న ప్రజలు ఓటేసి 66.4 శాతంతో దాన్ని తీసేశారు. ఆ ఓటింగ్ సమయంలో సవిత బొమ్మ గీసిన గోడ దగ్గర జనం చీటీలు రాసి అంటించారు.

సుబ్బారావు_ప్లేనో:
రవి గారూ, ఆ అమ్మాయి విషయం చాలా బాధాకరం. కానీ అక్కడి విచారణ నివేదికలో ఇన్ఫెక్షన్‌ని సకాలంలో గుర్తించలేదు, పరీక్షలు సరిగ్గా చూడలేదు అని రాశారు కదా. అంటే వైద్యంలో లోపమే.

డా_లక్ష్మి_ఓబీ:
సుబ్బారావు గారూ, మీరు అన్నది ఆ నివేదికలో ఉంది, ఒప్పుకుంటాను. అదే నివేదికలో ఇంకోటి కూడా ఉంది. బిడ్డ గుండె ఆగేదాకా జోక్యం చేసుకోకూడదన్న దానిమీదే దృష్టి అతిగా పెట్టారు, తల్లికి ఇన్ఫెక్షన్ వస్తుందేమో అని కనిపెట్టడం తక్కువైంది అని. నేను ప్రసూతి వార్డుల్లో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఈ వాక్యం నాకు బాగా అర్థమవుతుంది. డాక్టర్ ప్రతిసారీ స్కాన్ పెట్టి ముందు బిడ్డ గుండె ఉందా అని చూడాల్సి వస్తే, తల్లి నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందన్నది రెండో విషయం అయిపోతుంది. చట్టం ఒకటి, వైద్య లోపం ఇంకొకటి అని మీరు విడదీస్తున్నారు. వార్డులో అవి విడిగా ఉండవండీ.

పోలండ్‌లోనూ ఇంతే. 2020 అక్టోబర్‌లో అక్కడి రాజ్యాంగ ట్రిబ్యునల్, బిడ్డకు తీవ్ర లోపాలున్నా తీయకూడదని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో ప్ష్చినా అనే ఊళ్లో 30 ఏళ్ల తల్లి 22వ వారంలో ఉమ్మనీరు పోయి సెప్సిస్‌తో చనిపోయింది. బిడ్డ గుండె ఆగేదాకా ఆగుతున్నారని ఆవిడే ఆసుపత్రి మంచం మీంచి వాళ్లమ్మకి మెసేజ్‌లు పెట్టింది.

బెజవాడ_రాజు:
రొమేనియా గురించి ఎవరూ అనలేదు. 1966లో చౌషెస్కూ ప్రభుత్వం అబార్షన్లని దాదాపు పూర్తిగా నిషేధించింది, గర్భనిరోధక సాధనాలు కూడా దొరకనివ్వలేదు, జనాభా పెరగాలని. మొదటి ఏడాది కాన్పులు పెరిగాయి, తర్వాత మళ్లీ తగ్గాయి, జనం దొంగచాటుగా దారులు వెతుక్కున్నారు. తల్లుల మరణాలు మాత్రం యూరప్ మొత్తంలో ఎక్కడా లేనంతగా పెరిగిపోయాయి, అందులో ఎక్కువ భాగం దొంగచాటు అబార్షన్ల వల్లే. 1989 డిసెంబర్ చివర్లో ప్రభుత్వం కూలగానే ముందు రద్దు చేసిన వాటిల్లో ఆ చట్టం ఒకటి. ఏడాది తిరిగేసరికి తల్లుల మరణాల రేటు సుమారు సగానికి పడింది. అవే ఆసుపత్రులు, అవే డాక్టర్లు, అదే పేదరికం.

పద్మ_ఒంగోలు:
మా అమ్మ ఏఎన్ఎంగా ప్రకాశం జిల్లా పల్లెల్లో రిటైర్ అయ్యేదాకా చేసింది. మన దగ్గర అబార్షన్‌ని అనుమతించే 1971 చట్టం రాకముందు రోజుల గురించి వాళ్ల సీనియర్లు చెప్పేవాళ్లట, ఇక్కడ రాయలేను, పుల్లలూ మందాకులూ అంటే తెలిసినవాళ్లకి తెలుస్తుంది. చట్టం వచ్చాక కూడా ఆ పద్ధతి ఒక్కరోజులో పోలేదు.

ఇప్పుడు మన దగ్గర ఇబ్బంది వేరే. చట్టం ఒప్పుకుంటుంది గానీ ఊళ్లో చేసే డాక్టర్ ఉండరు, పెళ్లికాని పిల్ల ఆసుపత్రికి వెళ్తే నానా మాటలు అంటారు, అందుకని మెడికల్ షాపులో మాత్రలు కొని మింగేస్తారు. 2015లో మన దేశంలో 1 కోటి 56 లక్షల అబార్షన్లు జరిగాయని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది, అందులో నాలుగింట మూడు వంతుల దాకా ఆసుపత్రి బయట వేసుకున్న మాత్రలతోనే. సరైన వారంలో సరైన మోతాదులో వేసుకుంటే ఆ మాత్రలు సురక్షితమే, కానీ ఎన్ని వారాలో తెలియకుండా, కడుపు ట్యూబ్‌లో ఉందేమో చూసుకోకుండా వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. చట్టం కఠినంగా ఉంటే ఆడవాళ్లు మానేస్తారనుకునేవాళ్లు ఒక్కసారి పీహెచ్‌సీలో కూర్చోవాలి.

ఫ్రిస్కో_శ్రావణి:
అందరికీ థాంక్స్. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి గానీ ఏమీ తెలియకుండా ఉండటం కంటే ఇదే నయం. లక్ష్మి గారూ, మా చెల్లి ఇప్పుడు డాక్టర్ దగ్గర ఏం అడగాలి? ఇండియా వెళ్లిపోవడం మంచిదా?

డా_లక్ష్మి_ఓబీ:
కేవలం ఈ భయంతో ఇండియా వెళ్లమని నేను చెప్పను అమ్మా, ఇంత ప్రయాణం, వీసా స్టాంపింగ్ తలనొప్పులు. దానికి బదులు తన డాక్టర్‌ని వచ్చే అపాయింట్‌మెంట్‌లోనే సూటిగా అడగమనండి. 22 వారాల లోపు ఉమ్మనీరు పోతే ఈ హాస్పిటల్ ఏం చేస్తుంది, ఎవరు నిర్ణయిస్తారు, అడ్మిట్ చేసుకుంటారా ఇంటికి పంపుతారా, వేరే రాష్ట్రానికి పంపాల్సి వస్తే ఎవరితో మాట్లాడతారు అని. మంచి డాక్టర్ అయితే ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు. జవాబు దాటవేస్తే డాక్టర్‌ని మార్చుకోవడానికి ఇంకా టైం ఉంది. స్కాన్‌లు వాయిదా వేసుకోవద్దు, మన దగ్గర టిఫా అంటాం కదా, ఆ స్కాన్ 18 నుంచి 20 వారాల మధ్య అయిపోవాలి. బిడ్డకి లోపాలు తేలినా టెక్సాస్‌లో మినహాయింపు లేదు, న్యూ మెక్సికోకో కొలరాడోకో వెళ్లాల్సిందే, కాబట్టి రోజులు ముఖ్యం. దేశంలోపల ప్రయాణమే గనుక వీసాకి ఇబ్బంది లేదు, ఒరిజినల్ కాగితాలు మాత్రం దగ్గర ఉంచుకోమనండి.

ఇంకోటి, ఉమ్మనీరు పోయిందన్న అనుమానం వస్తే ఎమర్జెన్సీకే వెళ్లాలి. 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని పరీక్షించి పరిస్థితి కుదుటపరచాల్సిందే. అబార్షన్ కూడా అందులోకి వస్తుందని 2022లో ఇచ్చిన వివరణని ప్రభుత్వం 2025 జూన్‌లో వెనక్కి తీసుకుంది, చట్టం మాత్రం ఉంది. ఇంటికి పంపేస్తామంటే కారణం రాతలో అడగండి. ఇంటికొచ్చాక 100.4 దాటిన జ్వరం, చలి వణుకు, చెడు వాసన, గుండె దడ, మనిషి మగతగా మాట్లాడటం, వీటిలో ఏది కనిపించినా పొద్దున్నదాకా ఆగకూడదు. మరిది గారికి కూడా ఇవన్నీ నేర్పించండి, ఎందుకంటే సెప్సిస్‌లో ఉన్న మనిషి తనంతట తాను గుర్తించలేకపోవచ్చు.

సుబ్బారావు_ప్లేనో:
శ్రావణి అమ్మా, మీ చెల్లికి ఏ అవసరం వచ్చినా మేం ప్లేనోలోనే ఉంటాం, మా ఆవిడ రిటైర్డ్ నర్సు, రాత్రైనా ఫోన్ చేయొచ్చు, నంబర్ ప్రైవేట్ మెసేజ్‌లో పెడతాను. నా నమ్మకం మారలేదు, కారణం లేకుండా బిడ్డని తీసేయడాన్ని నేను సమర్థించను. కానీ బిడ్డ ఎలాగూ దక్కదని తెలిశాక తల్లిని జ్వరం వచ్చేదాకా కూర్చోబెట్టడం ఏ ధర్మంలోనూ లేదు. అలాంటప్పుడు డాక్టర్‌కి జైలు భయం ఉండకూడదు, అది చట్టంలోనే నేరుగా రాయాలి.

రెసిడెంట్_ఎం:
కొంత రాశారు అంకుల్. 2023లో ట్యూబ్‌లో గర్భం, ముందుగా ఉమ్మనీరు పోవడం, ఈ రెండింటికీ కోర్టులో వాదించుకోవడానికి ఒక రక్షణ ఇచ్చారు, అంటే కేసు పడ్డాక చెప్పుకోవచ్చు. 2025 జూన్‌లో ఇంకో చట్టం సంతకమైంది, ప్రాణాపాయం ఆ క్షణాన ముంచుకొచ్చి ఉండక్కర్లేదు, తల్లికి హాని జరిగేదాకా ఆగక్కర్లేదు అని. అది మంచి మార్పే. హాస్పిటల్ లాయర్లు దాన్ని ఎలా చదువుతారో, అన్ని ఊళ్లలో ఒకేలా చదువుతారో లేదో చూడాలి. శిక్షలు మాత్రం అలాగే ఉన్నాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. తల్లుల మరణాలని ఒక్కొక్కటీ పరిశీలించే కమిటీ టెక్సాస్‌లో ఉంది. ఆ కమిటీ 2022, 2023 మరణాలని చూడకుండా నేరుగా 2024వి మొదలుపెడతామని ప్రకటించింది, ఆలస్యం తగ్గించడానికట. నిషేధం వచ్చిన తర్వాతి మొదటి ఏళ్లు సరిగ్గా అవే. ఐడహోలో 2023లో అలాంటి కమిటీనే కొనసాగించకుండా వదిలేసి మళ్లీ మరుసటి ఏడాది పెట్టారు. అదే ఐడహోలో శాండ్‌పాయింట్ అనే ఊళ్లో ఉన్న ఆసుపత్రి, చట్టాల పరిస్థితిని కూడా ఒక కారణంగా చెప్పి 2023లో కాన్పుల విభాగం మూసేసింది. అబార్షన్‌తో ఏ సంబంధమూ లేని తల్లులు కూడా ఇప్పుడు కాన్పుకి దూరం వెళ్తున్నారు. లూసియానాలో 2024 అక్టోబర్ నుంచి మిసోప్రోస్టాల్‌ని కంట్రోల్డ్ మందుల జాబితాలో పెట్టారు. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే మేం పరిగెత్తుకెళ్లి తెచ్చే మందు అది, దాన్ని ఇంకో తాళం వెనక పెట్టారన్నమాట.

గాల్వే_రవి:
ఆ కమిటీ విషయం చదివి మనసు వికలమైంది. ఇక్కడ సవిత కేసులో విచారణ జరిగింది కాబట్టే నిజం తెలిసింది.

పద్మ_ఒంగోలు:
వకీలు గారు ఉన్నారా? మన దగ్గర ఇలా ఉమ్మనీరు పోతే డాక్టర్ ఆగాల్సిన పని ఉందా? ఇంకా భర్త సంతకం కావాలని ప్రతి నర్సింగ్ హోంలో అడుగుతారు, అది నిజంగా చట్టంలో ఉందా?

హనుమకొండ_వకీలు:
ఉన్నానమ్మా, ఇప్పుడే చూసిన. 1971 చట్టం సెక్షన్ 5 ప్రకారం తల్లి ప్రాణం కాపాడడానికి తక్షణం అవసరమని అర్హత ఉన్న ఒక్క డాక్టర్ మంచి ఉద్దేశంతో అనుకుంటే చాలు, వారాల పరిమితి లేదు, రెండో డాక్టర్ సంతకం అక్కర లేదు. మామూలు కేసుల్లో 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం, 2021 సవరణ తర్వాత కొన్ని వర్గాల వాళ్లకు 24 దాకా ఇద్దరు డాక్టర్లు, బిడ్డకు తీవ్రమైన లోపాలుంటే 24 దాటినా మెడికల్ బోర్డు ఒప్పుకుంటే చేయొచ్చు. శారీరక ఆరోగ్యానికే కాదు, మానసిక ఆరోగ్యానికి హాని అని డాక్టర్ అనుకున్నా సరిపోతది.

భర్త సంతకం చట్టంలో ఎక్కడా లేదు. 18 నిండిన స్త్రీ ఒక్క సంతకం చాలు, ఆమెకు మతిస్థిమితం లేకపోతేనో, మైనర్ అయితేనో సంరక్షకుల సంతకం కావాలి. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్లికాని వాళ్లకూ 24 వారాల హక్కు వర్తిస్తదని చెప్పింది. మైనర్ల విషయంలో పోక్సో కింద పోలీసులకు తెలపాల్సి ఉంటది కాబట్టి చాలా కుటుంబాలు భయపడి నాటు వైద్యం వైపు పోతున్నయి, అదే తీర్పులో దానికీ దారి చూపించిన్రు, అమ్మాయి, సంరక్షకులు కోరితే డాక్టర్ రిపోర్టులో ఆమె పేరు, వివరాలు ఇయ్యక్కర లేదు. ఈ ముక్క మన జిల్లాల్లో డాక్టర్లకే చాలామందికి తెల్వదు. ఎవరన్నా సంతకం కోసం వెనక్కి పంపితే ఆ తీర్పు కాపీ నేను పంపిస్త, ప్రింట్ తీసి చూపియ్యండి.